గాదె తాళం, వేలిముద్ర



ఈజిప్టులో నైలు నది ఒడ్డున ఎల్ కాబ్ అనే చోట కొండ తొలిచి కట్టిన సమాధి ఒకటి ఉంది. అది రాజుది కాదు, పడవల దండులో పనిచేసిన ఒక సైనికుడిది. అతని పేరు అహ్మోస్, తల్లి పేరు ఎబానా. సుమారు 3,500 ఏళ్ల కిందటివాడు. ముగ్గురు ఫారోల కొలువులో వరసగా యుద్ధాలు చేసి, తన జీవితకథను ఆ గోడల మీద చెక్కించుకున్నాడు. ఏ యుద్ధంలో ఎందర్ని పట్టుకున్నదీ, మెచ్చి రాజు ఏమేమి ఇచ్చిందీ అందులో వివరంగా ఉంది. రాజు బంగారం ఇచ్చాడు, పొలం ఇచ్చాడు, మనుషుల్నీ ఇచ్చాడు. అలా ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు, మగవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి చెక్కి ఉన్నాయి. మొత్తం 19 మంది. పొలం లెక్క, మనుషుల లెక్క ఒకే గోడ మీద, ఒకే ఉలితో చెక్కారు.

ప్రాచీన ఈజిప్టులో పాలకుడికీ బానిసకూ ఉన్న సంబంధం ఎలాంటిదో ఆ గోడ చెబుతుంది. యుద్ధంలో దొరికినవాడు రాజు సొత్తు. రాజు అతన్ని సైనికుడికి ఇవ్వవచ్చు, గుడికి రాసివ్వవచ్చు, తన పొలంలోనే పెట్టుకోవచ్చు. మూడో రామెసెస్ కట్టించిన మెడినెట్ హబూ ఆలయం గోడల మీద బందీలకు వాతలు పెట్టే బొమ్మ ఉంది. ఆ రాజు దానధర్మాల చిట్టా ఒకటి నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉంది. 40 మీటర్లకు పైగా పొడవున్న ఆ పపైరస్ చుట్టలో, థీబ్స్ నగరంలోని అమున్ దేవుడి ఆలయాల కింద ఉన్న మనుషుల సంఖ్య 86,486 అని రాసి ఉంది. వాళ్లందరూ కొన్న బానిసలు కారు. భూమితో పాటు దేవుడి ఖాతాలో జమ అయినవాళ్లు. పశువుల లెక్క, తోటల లెక్క, పడవల లెక్క కూడా ఆ చిట్టాలోనే ఉన్నాయి.

అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఇంకో పపైరస్ ఉంది. అది ఇంకా పాతది, సుమారు 3,700 ఏళ్ల నాటిది. ఒక పెద్దింటి దాసదాసీల పేర్లు, 90కి పైగా, అందులో ఉన్నాయి. సగానికి సగం మంది తూర్పు దేశాల నుంచి వచ్చినవాళ్లు. చాలామంది ఆడవాళ్లు మగ్గం పనిలో ఉన్నారు. వాళ్ల సొంత పేరు పక్కన యజమాని పెట్టిన ఈజిప్టు పేరు రాశారు. తల్లి పెట్టిన పేరు పలకడం కష్టమనో, అవసరం లేదనో ఇంకో పేరు తగిలించారు.

చావు తర్వాత కూడా ఈ ఏర్పాటు ఆగకూడదని యజమానుల కోరిక. పరలోకంలోనూ పొలం దున్నాలి, కాలవ తవ్వాలి, ఇసుక మొయ్యాలి. ఆ పని తమ మీద పడకుండా ఉండటానికి గొప్పవాళ్లు తమ సమాధుల్లో చిన్న చిన్న పనివాళ్ల బొమ్మలు పెట్టించుకునేవారు. టుటన్‌ఖామున్ సమాధిలో అలాంటి బొమ్మలు 413 దొరికాయి. ఏడాదికి రోజుకొకటి చొప్పున 365, వాటి మీద మేస్త్రీలు 36, నెలకొకటి చొప్పున పెత్తందార్లు 12. చచ్చిపోయాక కూడా తన వంతు పని ఇంకొకడు చెయ్యాలి, ఆ చేసేవాడి మీద మేస్త్రీ ఉండాలి.

ఇక పిరమిడ్ల మాట. కొరడా దెబ్బలు తింటూ రాళ్లు లాగే బానిసల దృశ్యం మనకు సినిమాలు ఇచ్చింది. గిజాలో పిరమిడ్ల దగ్గరే 1990 నుంచి బయటపడుతున్న పనివాళ్ల సమాధులు వేరే సంగతి చెబుతున్నాయి. బానిసలైతే రాజు పిరమిడ్ నీడలో సమాధి దక్కదు. ఆ ఎముకల్లో బరువులు మోసి అరిగిపోయిన వెన్నుపూసలున్నాయి. విరిగితే కట్టు కట్టగా అతుక్కున్న చేతులున్నాయి. వాళ్లకు రొట్టె, బీరు, మాంసం అందేవి. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున మెరెర్ అనే తనిఖీదారు రాసిన దినచర్య కాగితాలు దొరికాయి. ఖుఫు పిరమిడ్ కోసం తురా గనుల నుంచి సున్నపురాయిని పడవల మీద ఎలా చేరవేసిందీ అందులో రోజువారీగా ఉంది. కట్టినవాళ్లు ఊళ్ల నుంచి వంతులవారీగా పిలిపించిన రైతులు, చేయి తిరిగిన పనివాళ్లు.

కొన్న బానిసలు కారు కదా అని వాళ్లను స్వేచ్ఛగా ఉన్నవాళ్లనుకోకూడదు. పిలుపు వస్తే వెళ్లి తీరాలి. మన పల్లెల్లో వెట్టి అన్నదే ఇది. ఇందాక చెప్పిన బ్రూక్లిన్ పపైరస్‌కు రెండో వైపున, ఆ వెట్టి నుంచి పారిపోయినవాళ్ల జాబితా ఉంది. మనిషి పారిపోతే అతని ఇంటివాళ్లను పట్టుకుని బంధించేవారు. తిరిగొచ్చి లొంగిపోతే వాళ్లను వదిలేసి, కేసు ముగిసిందని పక్కన గుర్తు పెట్టేవారు.

ఇక్కడ ఒక ఘటన చెప్పాలి. సుమారు క్రీస్తు పూర్వం 1157. మూడో రామెసెస్ పాలనలో 29వ ఏడు. గుళ్లకు అంతంత దానం రాసిన రాజు ఈయనే. రాజుల సమాధులు తొలిచి, లోపల బొమ్మలు వేసే పనివాళ్లు డేర్ ఎల్ మెడీనా అనే ఊళ్లో ఉండేవారు. నాణేలు లేని కాలం. జీతం ప్రధానంగా గింజల్లోనే. మామూలు పనివాడికి నెలకు నాలుగు సంచుల గోధుమ, ఒకటిన్నర సంచి బార్లీ. ఆ నెల గింజలు రాలేదు. రోజులు గడిచాయి, పిల్లలు ఆకలితో ఉన్నారు. పనిముట్లు కింద పెట్టి, కాపలా గోడలు దాటి, మూడో థుట్మోస్ ఆలయం వెనక వెళ్లి కూర్చున్నారు. అధికారులు వచ్చి బుజ్జగించారు, ఒట్లు వేశారు. పనివాళ్లు కదలలేదు. తాము ఆకలితో వచ్చామనీ, ఫారోకూ మంత్రికీ ఈ సంగతి రాసి పంపమనీ పట్టుపట్టారు. చివరికి బకాయి గింజలు కొలిచి ఇచ్చారు. చరిత్రకు తెలిసిన మొట్టమొదటి సమ్మె ఇది. ఆ కాగితం నేడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

ఆ సమ్మె మనకెలా తెలిసింది? ఆ ఊరి లేఖకుడు అమెన్నఖ్త్ దాన్ని రాసిపెట్టాడు కాబట్టి. డేర్ ఎల్ మెడీనా ఊళ్లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు మిగతా దేశంలోకన్నా ఎక్కువ. తమకు రావలసిన గింజలెన్నో, ఎన్నాళ్లు ఆలస్యమైందో వాళ్లకు తెలుసు. లెక్క తెలిసినవాళ్లు కాబట్టే అడగగలిగారు. పొలాల్లో పనిచేసే లక్షలాది మందికి ఆ లెక్క తెలియదు. గాదె తాళం రాజు దగ్గర, లెక్క రాజుగారి లేఖకుడి దగ్గర ఉండేవి. ఈ రెండూ ఒకరి గుప్పిట్లో ఉంటే కొరడాతో పెద్దగా పని ఉండదని ఈజిప్టు చరిత్ర చదివిన కొద్దీ నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మన కోనసీమకు వద్దాం.

మనదీ డెల్టాయే. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయే నేల. 1833 నాటి నందన కరువులో, ఆ తర్వాతి తుపానుల్లో ఈ నేల జనం లేక బావురుమంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలవలు వచ్చాయి. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి నాగరం లంకకు సైతం నీరు చేరింది. వరి పండింది, కొబ్బరి పెరిగింది, భూమి బంగారమైంది. ఆ బంగారాన్ని పండించిన చేతులు పాలేర్లవి.

మన దగ్గర మనుషుల్ని సంతలో నిలబెట్టి అమ్మలేదని కొందరు అంటారు. తీరం దగ్గరికి వెళ్లి చూస్తే ఆ మాట నిలవదు. 17వ శతాబ్దంలో కరువొచ్చినప్పుడల్లా కోరమాండల్ తీరం నుంచి డచ్చి ఓడలు తిండికి లేనివాళ్లను కొనుక్కుని బటావియాకూ సింహళానికీ తరలించాయి. వసిష్ఠ దాటితే వచ్చే పాలకొల్లులో డచ్చివాళ్ల వర్తక స్థావరం ఉండేది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, మారిషస్ చెరకు తోటలకు అయిదేళ్ల ఒప్పందం మీద కూలీలు కావలసి వచ్చారు. కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లకు అక్కడ కోరంగీలనే పేరు స్థిరపడింది. ఊరి పేరే మనిషి పేరైపోయింది.

ఊళ్లో ఉండిపోయినవాడి సంగతి చూడండి. కామందు దగ్గర ఏడాది జీతానికి కుదురుతాడు. జీతం ధాన్యం రూపంలోనే. పైన ఓ పంచె, ఓ దుప్పటి, చెప్పుల జత. తెల్లవారకముందే మకాంకి వెళ్లి పశువుల కింద ఊడ్చి, మేత వేసి, కాడి కట్టాలి. దుక్కి, నాట్లు, కోత, నూర్పు అయ్యాక కొబ్బరి దింపు, మోత. రాత్రి పశువులను కట్టేసి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. భార్య ఊడ్పులకూ కలుపులకూ అదే పొలానికి వస్తుంది. ఎనిమిదేళ్ల కొడుకు అదే ఇంట్లో పశువుల దగ్గర కుదురుతాడు.

పంట నూర్చాక కళ్లంలో లెక్క తేలుతుంది. కామందు పుస్తకం తెరుస్తాడు. శ్రావణంలో తిండికి తీసుకున్నది ఇంత, బిడ్డ పెళ్లికి ఇంత, తల్లి చచ్చిపోతే ఇంత, వాటి మీద వడ్డీ ఇంత. కుంచం నిండుతుంది, ధాన్యం పురిలోకి వెళ్తుంది, పాలేరు వాటా అప్పు కింద చెల్లు. మిగిలిన అప్పు వచ్చే ఏటికి. నోటు మీద బొటనవేలు ఒత్తాలి. ఎంత రాశారో ఒత్తినవాడికి తెలియదు. పొలంలో పెరిగిన గింజ ప్రతిదీ అతని చేతుల మీదుగానే వచ్చింది. ఆ గింజల లెక్క మాత్రం అతని చేతిలో ఎప్పుడూ లేదు. అందరు కామందులూ కఠినులు కారు. పాలేరు పిల్లల్ని ఆదుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఒక మనిషి బతుకు ఇంకో మనిషి మంచితనం మీద ఆధారపడి ఉండటమే అసలు కీడు.

ఇక్కడే ఈజిప్టుకూ మనకూ ఉన్న పెద్ద తేడా చెప్పాలి. పదకొండో రామెసెస్ కాలం నాటి ఒక దత్తత పత్రం ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. నెబ్‌నెఫర్, నానెఫర్ దంపతులకు పిల్లలు లేరు. వాళ్లు ఒక బానిస పిల్లను కొన్నారు. ఆమెకు ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. భర్త పోయాక నానెఫర్ ఆ ముగ్గురినీ పెంచి, పెద్ద పిల్లను తన సొంత తమ్ముడికి ఇచ్చి పెళ్లి చేసింది. తర్వాత సాక్షుల ముందు వాళ్లను బానిసత్వం నుంచి విడిపించి, తన ఆస్తికి వారసుల్ని చేసింది. మూడు వేల ఏళ్ల కిందట బానిస కడుపున పుట్టిన పిల్ల యజమానురాలి ఇంటి కోడలైంది.

మన పాలేరు చట్టం ప్రకారం బానిస కాడు. 1843 నాటి అయిదో చట్టం బానిసత్వాన్ని గుర్తించడం మానేసింది. అయినా మాలపేట నుంచో మాదిగపేట నుంచో వచ్చిన పాలేరు, తాను పండించిన బియ్యం వండే వంటగది గడప తొక్కలేదు. నీళ్లు దోసిట్లో పోయించుకుని తాగాడు. చెరువులో పశువును కడిగాడు గానీ తాను ముంత ముంచుకోలేకపోయాడు. ఈజిప్టు బానిసకు యజమాని మనసు మారితే విడుదల ఉంది. పుట్టుకను బట్టి అంటరానితనం అంటగట్టిన చోట ఎవరి మనసు మారినా ఆ ఒక్కడికే ఊరట, పేటకు కాదు. అందుకే మన పాలేరు కథ ఈజిప్టు బానిస కథకన్నా చిన్నదని నేను ఒప్పుకోను.

తర్వాత చట్టాలు వచ్చాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, 1976లో చట్టమై, అప్పు కింద మనిషిని కట్టేసే పద్ధతిని రద్దు చేసింది. ఆ అప్పులన్నీ చెల్లిపోయినట్టే లెక్క. వెట్టి అని ఫిర్యాదు వస్తే, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. వందల ఏళ్లుగా పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూసి రాసిన నిబంధన అది.

అయితే ఆ చట్టానికి ఎంతో ముందే, మన గడ్డ మీద ఒక మనిషి ఈ ముడి ఎక్కడ విప్పాలో పట్టుకున్నాడు. ఆయన బోయి భీమన్నగారు. 1911లో మామిడికుదురులో, కూలి చేసుకునే దళిత కుటుంబంలో పుట్టారు. స్వాతంత్ర్యానికి ముందే 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి కావడం ఆ నాటకం కథ. ఈనాటి పిల్లలకు ఇది మామూలుగా కనిపించవచ్చు. కిరసనాయిలు దీపాల వెలుగులో, పేటల్లో ఆ నాటకం చూసినవాళ్లకు మామూలు కాదు. పశువుల కొట్టంలో పనిచేసేవాడు కుర్చీలో కూర్చోవచ్చన్న ఊహే వాళ్లకు కొత్త. ఆ నాటకం చూసి కొడుకును పాలేరుతనం మాన్పించి బడిలో వేసిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారని మన పెద్దలు చెబుతారు. 1975లో 'గుడిసెలు కాలిపోతున్నై' కావ్యానికి ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, 2001లో పద్మభూషణ్ వచ్చింది. నాకు మాత్రం ఆ పురస్కారాలన్నిటి కన్నా, ఆ నాటకం వల్ల పలక పట్టుకున్న పిల్లలే ఎక్కువ.

ఈజిప్టు బడుల్లో కూడా పిల్లలు ఒక పాఠాన్ని పదేపదే రాసేవారు. అన్ని పనుల్లోకీ లేఖకుడి పనే మేలనీ, అతని మీద పెత్తందారు ఉండడనీ ఒక తండ్రి కొడుకుకు చెప్పే పాఠం. తండ్రి పేరు ఖేటీ. అక్కడి చదువు ఒక తరగతి వాళ్లకు కొలువు ఇచ్చింది, పొలంలో ఉన్నవాడి దాకా రాలేదు. భీమన్నగారు చదువును పాలేరు గుడిసె ముందుకు తెచ్చారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకోకండి. నేడు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అమలాపురం ప్రాంతాల నుంచి వేలాది మంది గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో వంట, పిల్లల సాకుడు, ముసలివాళ్ల సేవ. ఆ సంపాదనతో ఊరూరా డాబాలు లేచాయి, పిల్లలు ఇంజినీర్లయ్యారు, నర్సులయ్యారు. ఆ కష్టానికి దండం పెట్టాలి. అదే సమయంలో అక్కడి కఫీల్ పద్ధతి గురించి తెలుసుకోవాలి. కఫీల్ అంటే పనికి రప్పించుకున్న యజమాని. వీసా అతని పేరు మీద ఉంటుంది. అతను వదిలితేగాని వేరే పని దొరకదు. పాస్‌పోర్టు అతను తన బీరువాలో పెట్టుకుంటే మనిషి అక్కడే ఆగిపోతుంది. దెబ్బలకు తాళలేక, జీతం అందక ఇల్లు దాటి వస్తే 'కల్లివెల్లి' అయిందంటారు. పారిపోయిందని కేసు పెడతారు. వెట్టి నుంచి పారిపోయినవాళ్ల పేర్లు రాసిన ఆ పాత పపైరస్ గుర్తు చేసుకోండి. కాలం మారింది, కాగితం పట్టుకున్న చెయ్యి మాత్రం అలాగే ఉంది.

ఆ దేశాల్లోనూ మార్పు వస్తోంది. కువైట్‌లో 2015లో చేసిన చట్టం ఇంటి పనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలని చెబుతోంది. పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదనీ చెబుతోంది. ఈ సంగతి అక్కడ పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్లలో ఎందరికి తెలుసు?

అందుకే చివరగా కోనసీమ శ్రోతలకు నా విన్నపం. మీ ఇంటి నుంచి ఎవరైనా గల్ఫ్ వెళ్తుంటే, ఏజెంటు ప్రభుత్వం దగ్గర రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. చట్టప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుం 30,000 రూపాయలు, దాని మీద పన్ను. అంతకు మించి అడిగితే ఇవ్వకండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే నమ్మకండి. పదో తరగతి లోపు చదివిన ఆడపిల్లలకు 30 ఏళ్లు నిండనిదే ఆ దేశాల్లో ఇంటి పనికి అనుమతి లేదు. వయసు మార్చి పాస్‌పోర్టు తీయిస్తానన్నవాడు మీ మేలు కోరేవాడు కాడు. ఒప్పంద పత్రం తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కఫీల్ చిరునామా ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి.

ఊళ్లోనే ఉన్నవాళ్లకు కూడా ఇదే మాట. ఇటుక బట్టీలో గానీ, చేపల చెరువు దగ్గర గానీ, అడ్వాన్సు ఇచ్చాం కాబట్టి కదలడానికి వీల్లేదని ఎవరైనా అంటే అది నేరం. కలెక్టరుకో, ఆర్డీవోకో ఫిర్యాదు చెయ్యండి. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లా మనది. ఈ జిల్లాలో ఏ మనిషీ తనకు చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వెయ్యకూడదు, ఏ పిల్లా బడి మాని పనికి వెళ్లకూడదు. అది చూసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదే కాదు, మనందరిదీ.